ఉక్కునగరములో ఒక లఘుపరిశోధన

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడికవలన దుర్గ్ పట్టణమునకు చేరువనున్న భిలాయి ఒక ఉక్కు కర్మాగారమునకు నెలవైనది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు అక్కడి మొదటి ఊదుకొలిమిని ప్రారంభించినారు. అంతకు ముందు వరిపొలములును పల్లెలును ఉన్న ఆ నేలకు దేశము నలుమూలలనుండి జనము వచ్చినట్లే తెలుగునాటినుండియు వచ్చినారు. ఉత్తరాంధ్రవారికి ఆ దారి కొత్తది కాదు. 1931లో పూర్తియైన విజయనగరము - రాయపూర్ రైలుమార్గము పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వారి ఊళ్లను ఆ ప్రాంతముతో అప్పటికే కలిపియున్నది. నాడు ఇరువదియేండ్ల వయసున పనికై రైలెక్కినవాడు నేడు ఎనుబదియైదు దాటినవాడు. ఆయన కుమారుడు సైతము అదే కర్మాగారములో పనిచేసియున్నచో ఈపాటికి విశ్రాంతి పుచ్చుకొనియుండును. మనుమడో, మనుమరాలో పట్టపరీక్ష ముగించి ఎం.ఏ. చదువుచుండును. ఆ మూడవ తరపు విద్యార్థి పట్టమునకై స్వతంత్రముగా చేయవలసిన లఘుపరిశోధనకు తాతగారి మాటనే విషయముగా గైకొన్నచో, ఆ పని ఎట్లు మొదలు పెట్టవలెను, మఱి ముఖ్యముగా ఎట్లు ముగింపవలెను అన్నది ఇచ్చట విచారింపదగిన సంగతి.

ముగించుటను గూర్చి నొక్కి చెప్పుటకు కారణము కలదు. మొన్నమొన్నటివరకు ఎం.ఏ. తరువాత ఎం.ఫిల్. అను మెట్టు ఒకటి ఉండెడిది. పరిశోధనలోని తొట్రుపాటులన్నియు అచ్చట తీరి, పిమ్మట విద్యార్థి పెద్ద సిద్ధాంతగ్రంథమునకు పూనుకొనెడివాడు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ మెట్టును తీసివేయవలెనని సూచించినది. 2022 నవంబరులో వెలువడిన విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి నిబంధనలతో అది తొలగిపోయినది. మూడేండ్ల పట్టము పొందినవారికి రెండేండ్ల ఎం.ఏ.లో రెండవ యేడు పూర్తిగా పరిశోధనకే కేటాయింపవచ్చునని అదే విద్యావిధానము తెలిపినది. కావున ఇదివరలో పదిమార్కుల తంతుగా సాగిన లఘుపరిశోధనమీద ఇప్పుడు మోయరాని బరువు పడుచున్నది. పరిశోధకుడన్నవాడు తయారగుట ఇచ్చటనే జరుగవలెను.

స్వతంత్రపరిశోధన అనగా గురువు లేని పరిశోధన కాదు. ప్రశ్న విద్యార్థిది, సేకరణ విద్యార్థిది, నిర్ణయము విద్యార్థిది; పర్యవేక్షకుడు దారి తప్పినపుడు హెచ్చరించువాడు మాత్రమే. మన విభాగములలో ఈ వరుస తలక్రిందులగుట తరచు. విషయమును గురువు ఇచ్చును, సామగ్రిని గ్రంథాలయము ఇచ్చును, నిర్ణయములను పూర్వపు సిద్ధాంతగ్రంథములు ఇచ్చును. విద్యార్థికి మిగులునది కూర్పు, ముద్రణ, అట్టకట్టించుట. భిలాయి వంటి చోట ఈ సుళువు లేదు. అచ్చటి తెలుగును గూర్చి ఎత్తి వ్రాసికొనుటకు తగిన పూర్వగ్రంథముల వరుస ఏదియు బీరువాలో వేచియుండదు. విద్యార్థి వీధిలోనికి పోక తప్పదు. ఇది కష్టమనిపించును గాని నిజమునకు ఇదియే భాగ్యము.

మొదటి గండము శీర్షికలోనే ఉండును. ‘భిలాయి తెలుగువారు: భాషా సాహిత్య సాంస్కృతిక ఆర్థిక జీవనము’ అని పేరు పెట్టి విభాగమునకు సమర్పించుట మిక్కిలి సులభము. పెద్దపేరు చూచి సంఘము ఆమోదించును, విద్యార్థి సంతోషించును. ఆరుమాసముల తరువాత చేతిలో కొన్ని ఛాయాచిత్రములు, నాలుగు సంభాషణలు, పండుగల వర్ణన, కర్మాగారపు ఉత్పత్తి లెక్కలు ఉండును. వీనిని కలుపు దారము మాత్రము ఉండదు. ఆ నగరమును సమగ్రముగా తెలిసికొనదలచినవాడు ఎంత కాలము వెచ్చింపవలసి వచ్చినదో చూడుడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్సుకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు జోనాథన్ పారీ అంతకు ముందు కాంగ్రాలోను, కాశీలోను పరిశోధన చేసి పేరొందినవాడు. ఆయన 1993లో భిలాయిలో పని ప్రారంభించినాడు. నడుమ అనేక వ్యాసములు ప్రకటించినాడు. ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అను ఆయన మహాగ్రంథము, అజయ్ టి.జి. తోడ్పాటుతో, 2020లో గాని వెలువడలేదు. చేయి తిరిగిన పండితునికి ఇరువదియేడేండ్లు పట్టిన ఊరది. పది పన్నెండు నెలల గడువుగల విద్యార్థి ఆ వైశాల్యముతో పోటీపడరాదు. ఆయన గ్రంథమునుండి అతడు నేర్వదగినది వేరొకటి కలదు; దానిని గూర్చి తరువాత.

మరి విషయమును ఎంత చిన్నదిగా చేయవలెను? ఒక దృష్టాంతము చాలును. ఊదుకొలిమి పనిని గమనింతము. దల్లీ-రాజహరా గనులనుండి వచ్చిన ఇనుపరాయి, నందినినుండి వచ్చిన సున్నపురాయి, బొగ్గును గాలి చొరకుండ కాల్చగా వచ్చిన కోకు, ఇవి కొలిమి పైభాగమునుండి పొరలుపొరలుగా పడును. క్రిందినుండి కాగిన గాలిని ఊదుదురు. కోకు మండి, ఆ వాయువు ఇనుపరాయిలోని ఆమ్లజనిని లాగికొనగా ఇనుము కరగి అడుగునకు దిగును. రాతిలోని మలినములు సున్నముతో కలిసి తేలికయై పైన తేలును. రెండింటిని వేర్వేరుగా బయటికి వదలుదురు. ఈ మొత్తము పనిలో ప్రతి వస్తువునకు, ప్రతి కదలికకు పేరు కలదు. ఆంగ్లములో పైన తేలునది స్లాగు. తెలుగు కమ్మరి నోట తరతరములుగా అది చిట్టెము. కొలిమిని ఆంగ్లములో ఫర్నేసు అందురు. హిందీలో ఊదుకొలిమికి ‘ధమన్ భట్టీ’ అని పేరు. ఆ భట్టీయే తెలుగున ఇటుకలకును సారాయికిని ‘బట్టీ’యై ఏనాడో స్థిరపడినది. ఇక ప్రశ్న ఇది: 1960 ప్రాంతమున శ్రీకాకుళపు పల్లెనుండి వచ్చి ముప్పదియేండ్లు ఆ వేడియెదుట నిలిచిన మనిషి ఇంటికి వచ్చి భార్యతో చెప్పునపుడు దానిని ఏమనెడివాడు? కొలిమి అనెడివాడా, బట్టీ అనెడివాడా, ఫర్నేసు అనెడివాడా? చిట్టెము అను మాట అతనికి తన ఊరి కమ్మరి దగ్గర తెలిసినదే గదా. స్లాగును చూచినపుడు అది జ్ఞప్తికి వచ్చినదా, లేదా?

ఈ ప్రశ్న అల్పముగా తోచవచ్చును. కాని ఉక్కు అను మాటనే ప్రపంచమునకు ఇచ్చిన భాషలలో తెలుగొకటి. పాశ్చాత్యులు ‘వూట్జ్’ అని పిలిచిన లోహపు పేరు తెలుగు కన్నడముల ఉక్కునుండి పుట్టినదని పలువురి మతము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కు పారశీక వర్తకులను అంతదూరము రప్పించినది. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పటకారు, చిట్టెము మొదలైన పదముల సంపదగల భాషవారు ఇరువదవ శతాబ్దమున మహాకర్మాగారము చేరినపుడు ఆ పదములను వెంట తీసికొనిపోయినారా, గుమ్మము బయట విడిచిపోయినారా అన్నది భాషాచరిత్రలో చిన్న విషయము కాదు. ఒక కొలువు, ఒక తరము, ఒక పనికి సంబంధించిన రెండు మూడు వందల మాటలు: ఎం.ఏ. పరిశోధనకు ఈ మేర చాలును. ఇంతకన్న పెద్దదైనచో ముగియదు.

ఇట్టి సేకరణకు మార్గదర్శి మనయొద్దనే కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ‘మాండలిక వృత్తిపదకోశము’ మొదటి సంపుటము వ్యవసాయపదములతో 1962లోను, రెండవది చేనేతపదములతో 1971లోను వెలువడినవి. ఏ మాట ఏ ప్రాంతమున వినవచ్చినదో గుర్తించుట ఆ కోశముల ప్రాణము. రైతు నోటినుండి, సాలెవాని నోటినుండి మాటను నేరుగా గ్రహించుటయే గాని నిఘంటువునుండి ఎత్తి వ్రాసినది కాదు. భిలాయి విద్యార్థి ఈ పద్ధతినే అనుసరింపవచ్చును, అయితే ఒక జాగ్రత్త అవసరము. వ్యవసాయపదములను ఇచ్చినవారు తమ ఊరిలోనే ఉన్నవారు. భిలాయిలో మాట చెప్పువాడు ఊరు వదలి అరువదేండ్లయినవాడు. చుట్టును హిందీ, ఛత్తీస్‌గఢీ. పనిలో ఆంగ్లము. తొలినాళ్లలో రష్యను నిపుణులును వారి దుబాసులును. కావున ప్రతి మాటకు ఎదురుగా చెప్పినవారి పుట్టినయూరు, వచ్చిన సంవత్సరము, పనిచేసిన విభాగము, ఇంట మాటాడు భాష ఈ నాలుగును వ్రాసికొననిచో ఆ మాట ఎచ్చటిదో తేల్చుట తరువాత ఎవరి తరము కాదు.

అడుగు తీరులోనే సగము ఫలితము ఉన్నది. ‘దీనిని తెలుగులో ఏమందురు?’ అని అడిగినచో పెద్దాయన సంకోచించును. చదువుకొన్న పిల్లవాడు అడుగుచున్నాడు గదా యని పుస్తకపు మాట ఏదో వెదకి చెప్పును. అతడు జీవితమున ఎన్నడును వాడని మాట అట్లు పరిశోధనలోనికి ఎక్కును. దానికి బదులు, మొదటిదినము పనిలోనికి పోయినపుడు ఏమి చూచినారో చెప్పుడని అడిగి, ఊరకుండవలెను. మాటలు వాటంతట అవియే వచ్చును. రాత్రిపాళి సంగతి, కాలిన చేయి సంగతి, మొదటి జీతము ఇంటికి మనియార్డరు పంపిన సంగతి చెప్పుచుండగా కొలిమియో బట్టీయో దానంతట అది బయటపడును. పరిశోధకుడు వెదకుచున్న పదము ఏదో చెప్పువానికి తెలియకుండుటే మేలు.

గిడుగు రామమూర్తిగారి పని ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, సవరభాష తెలిసినవానిని ఇంటనే ఉంచుకొని, ఏ పట్టమును ఆశింపక ఆ భాష నేర్చినవారాయన. పందొమ్మిదవ శతాబ్దపు చివరిదశలో ఆరంభమైన ఆ కృషి 1931లో సవరభాషా వ్యాకరణముగా రూపుదాల్చినది. దానికున్న గడువు ఒక జీవితము. విద్యార్థికి ఆ గడువు లేదు గాని ఆ ఓపిక మాత్రము, వారమునకు రెండు పూటలైనను, కావలెను.

తరువాతి మెట్టు లిపిబద్ధము చేయుట. లఘుపరిశోధనలు మూలబడునది ఎక్కువగా ఇచ్చటనే. ఒక గంట సంభాషణను విని, ఆపి, మరల విని, ఉన్నదున్నట్లు వ్రాయుటకు ఐదారు గంటలు పట్టుట సామాన్యము. పదిగంటల మాటకు అరువదిగంటల వ్రాత. నలువది గంటలు సేకరించితినని గర్వించు విద్యార్థి తన నెత్తిమీద రెండువందల నలువది గంటల బరువు పెట్టుకొన్నాడన్నమాట. సేకరించుట ఆనందకరము, పెద్దలు ఆదరింతురు, టీ ఇత్తురు, ఇంకొకరి పేరు చెప్పుదురు. వ్రాయుట ఒంటరిపని. కావున ప్రతి సంభాషణను రెండవదానికి పోకముందే వ్రాసి ముగించుట నియమముగా పెట్టుకొనవలెను. ఇందువలన వేరొక లాభమును కలదు: మొదటిది వ్రాయుచుండగా తన ప్రశ్నలలోని లోపములు తనకే వినబడును.

వ్రాయునపుడు దిద్దరాదు. ఉత్తరాంధ్రపు వృద్ధుడు ‘ఏటి’ అన్నపుడు ‘ఏమిటి’ అని వ్రాసినవాడు సాక్ష్యమును చెరిపివేసినవాడు. ‘గుంటడు’ అన్న మాటను ‘అబ్బాయి’గా మార్చినవాడును అట్టివాడే. మన సాహిత్యవిద్య ఈ దిద్దుబాటును చేతికి అలవాటు చేసియున్నది. విద్యార్థి మర్యాదకై చేయుచున్నాననుకొనును. నిజమునకు అది అమర్యాద. కొన్నిచోట్ల లిపియే చాలదు. ‘వచ్చాడు’ అనునపుడు పలువురి నోట వినబడు చివరి దీర్ఘము ‘ఆ’యును కాదు, ‘ఏ’యును కాదు, ఆ నడిమి ధ్వనికి తెలుగులో అక్షరము లేదు. దంత్యములైన చ, జలకు పూర్వులు వేరు గుర్తులు ఏర్పరచినారు, అవి వాడుకొనవచ్చును. నడిమి అచ్చునకు ఏదో ఒక గుర్తు నిర్ణయించుకొని, పీఠికలో ఒక్కమారు చెప్పి, చివరివరకు దానినే పాటించిన చాలును. కథలలో యాసను పట్టుకొనగోరు రచయితలకును ఈ చిక్కు సుపరిచితమే.

పారీ గ్రంథమునుండి నేర్వదగినది ఒకటి కలదని పైన చెప్పబడినది. భిలాయి శ్రామికలోకము ఒకటి కాదు, రెండు అని ఆయన ప్రతిపాదన. స్థిరమైన కొలువు ‘నౌకరీ’. నేడుండి రేపు పోవు కూలిపని ‘కామ్’. ఆ రెండు పదముల నడుమ ఉన్న గీత జీతమునకు మాత్రమే కాక ఇంటికి, చదువునకు, పెండ్లికి కూడ విస్తరించినదని ఆయన విపులముగా చూపినాడు. తెలుగు విద్యార్థి దీనిని తన పనికి అన్వయించుకొనవలెను. సెక్టారు క్వార్టర్లలో నివసించి పింఛను పుచ్చుకొను పెద్దలను కలియుట సులభము. వారు సంఘములలో కనబడుదురు, చదువుకొన్నవారు, మాటాడుటకు తీరిక కలవారు. వారి మాటలు మాత్రమే సేకరించి ‘భిలాయి తెలుగు’ అని పేరు పెట్టినచో ఖుర్సీపారులోను, క్యాంపులలోను గుత్తేదారుక్రింద పనిచేసిన తెలుగువాని నోరు నొక్కినట్లగును. తెలుగులోను నౌకరీ ఉన్నది, కూలి ఉన్నది. వాని నడుమ భిలాయి తెలుగువాడు ఏ మాటతో గీత గీసినాడో కనుగొనుట కొలిమి పదములకన్న విలువైన ఫలితమైనను కావచ్చును. ఇద్దరు ముగ్గురైనను ఆ వైపువారు ఉండవలెను.

స్త్రీల విషయమును అట్టిదే. కర్మాగారములో అడుగు పెట్టని ఇల్లాలు పాళీలనుబట్టి వంటవేళలు మార్చుకొన్నది, పొరుగు ఛత్తీస్‌గఢీ ఇల్లాలితో మాటాడ నేర్చినది, పిల్లలకు తెలుగు ఇచ్చినది. భర్తకు తెలిసిన యంత్రపు పేర్లు ఆమె నోట ఏ రూపము దాల్చినవో ఎవరును అడుగరు.

అనుమతి సంగతి సంక్షేపముగా చెప్పదగినదే గాని విడువదగినది కాదు. పనిలో జరిగిన ప్రమాదమును గూర్చియో, అధికారిని గూర్చియో, యూనియనును గూర్చియో వృద్ధుడు మనసువిప్పి చెప్పినది అతని కొడుకునకు ఇబ్బంది తేవచ్చును. ఏది వ్రాయవచ్చునో, పేరు ఉంచవలెనో మార్చవలెనో ముందుగానే అడిగి, ఆ సమాధానమును కూడ నమోదు చేసికొనవలెను. సొంత తాతను ప్రశ్నించువానికి ఇది వింతగా తోచును, అయినను అడుగవలెను.

ఇక ఏ భాషలో వ్రాయవలెను? ఇచ్చట భిలాయి విద్యార్థి కష్టము తెలుగుదేశపు విద్యార్థి ఎరుగనిది. సమీపమున ఉన్నవి 1964లో రాయపూరులో వెలసిన రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయము, 2015లో దుర్గ్‌లో వెలసినదై నేడు హేమచంద్ యాదవ్ పేర నున్న విశ్వవిద్యాలయము. భాషాశాస్త్రమందో, సమాజశాస్త్రమందో చేరిన విద్యార్థి హిందీలోనో ఆంగ్లములోనో వ్రాయవలసి వచ్చును. ఆ పిల్లలలో ఇంట తెలుగు చక్కగా మాటాడుచు తెలుగు అక్షరము చదువలేనివారు పెక్కురు. హిందీలో వ్రాసినచో మాట ఇచ్చినవారిలో కొందరు చదువలేరు. తెలుగులో వ్రాసినచో పరీక్షకుడు చదువలేడు. వివరణ పట్టపు భాషలో నడిపి, సంభాషణల మూలమును తెలుగు లిపిలో అనుబంధముగా చేర్చుట ఉన్నంతలో మంచి మార్గము. అక్షరము రాని విద్యార్థి దీనికొరకై మూడునెలలు తెలుగు వ్రాత నేర్వవలెను. నాగరిలో వ్రాసిన తెలుగులో ఎ, ఏల తేడా, ఒ, ఓల తేడా సామాన్యముగా పోవును. ‘కొడుకు’ ఏదో ‘కోడుకు’ ఏదో తెలియకపోవును. పరిశోధనకై లిపి నేర్చిన మనుమరాలు పరిశోధన ముగిసిన పిమ్మట ఆ లిపిని మరచిపోదు గదా.

సేకరణ ఎప్పుడు ఆపవలెను అన్న సందేహమునకు సమాధానము సామగ్రియే చెప్పును. కడపటి మూడు సంభాషణలలో కొత్తపదము గాని, పాతపదమునకు కొత్త అర్థము గాని రానిచో ఆ చిన్నవలయము నిండినదన్నమాట. నిండకపోయినను క్యాలెండరులో ముందుగా గుర్తుపెట్టుకొన్న దినమున ఆపవలసినదే. మిగిలినది ఏమో చివరి ప్రకరణమున నిజాయితీగా వ్రాయవచ్చును. చిట్టెము అను మాట ఒక్కరి నోటను వినబడలేదనుకొందము. విద్యార్థి దిగులుపడి, పరిశోధన విఫలమైనదని మరియొక పదిమందిని వెదకికొని పోవును. అది అనవసరము. పల్లెకమ్మరి పదము కర్మాగారపు గుమ్మము దాటలేదని, ఇందరిని అడిగి, ఈ విధముగా అడిగి, తేల్చుట ఒక నిర్ణయమే. వినబడని మాటకును పదకోశములో చోటు కలదు. మౌఖికపరీక్షలో పరీక్షకుడు అడుగునది కూడ సామాన్యముగా దీనినే: నీకు ఏమి దొరకలేదు, ఎందువలన?

అట్టకట్టిన పిమ్మట ఆ ప్రతి ఏమగునన్నది మిగిలినది. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథములను ‘శోధగంగ’ అను జాతీయభాండారమున చేర్చు ఏర్పాటు కలదు. 2009 నిబంధనలు దానిని విధిగా చేసినవి. ఎం.ఏ. లఘుపరిశోధనలకు అట్టి విధి లేదు. విభాగపు బీరువా నిండినపుడు పాతవి తీసివేయుదురు. కావున ముగించుట అనగా విభాగమునకు సమర్పించుట ఒక్కటే కాదు. కనీసము మూడు ప్రతులు కావలెను. ఒకటి విభాగమునకు. ఒకటి భిలాయిలోనే, తెలుగువారు నడుపు గ్రంథాలయమున్నచో అచ్చటికి, లేనిచో ఏ పాఠశాలకైనను. మూడవది మాట ఇచ్చినవారి ఇండ్లకు. దానికి ధ్వనిముద్రణను జతచేసి, ఏ తేదీన, ఎవరి ఇంటిలో, ఎవరెవరు కూర్చుండగా మాటాడినారో ఒక కాగితముమీద వ్రాసి పెట్టవలెను. ఆ ఇంటిలో తెలుగు చదువువారు లేకపోవచ్చును. వినువారు ఉందురు.